తొలి టాకీల్లో ఎవరి పాట వారిదే!
గొంతు లేనివారికి వేషం దొరకని రోజులు

అప్పనపల్లి: పాత సినిమాల మాట వస్తే చాలు, ఇక్కడి అరుగుల మీద ఓ తగవు తేలకుండా ఉండిపోతుంది. "ఆ రోజుల్లో వేషం కట్టినవాళ్లే పాడేవారు" అంటారు పెద్దలు. "అదెలా కుదురుతుంది? ఎవరో పాడితే పెదాలు ఆడించి ఉంటారు" అంటారు కుర్రకారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. 1940ల తొలి ఏళ్ల వరకు పెద్దలు చెప్పినట్టే జరిగింది. తర్వాత కొంతకాలం రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. చివరికి కుర్రకారు చెప్పే పద్ధతే నిలిచింది.

పందిరి నుంచి తెర మీదికి

తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. బొంబాయిలో తీశారు. అందులో లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడుగా నటించిన మునిపల్లె సుబ్బయ్య ఇద్దరూ నాటకరంగం నుంచి వచ్చినవారే. యముడి వేషానికి పేరుపడ్డ వేమూరి గగ్గయ్య, 1935 నాటి 'హరిశ్చంద్ర'లో నటించిన అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ కూడా అంతే. మైకులు లేని రోజుల్లో కిట్సన్ లైటు వెలుగులో పద్యం ఎత్తుకుంటే పందిట్లో ఆఖరి వరుసకు వినపడాలి. జనం 'వన్స్‌మోర్' అంటే మళ్లీ పాడాలి. అలాంటి గొంతు ఉన్నవారికే నాటకంలో వేషం దొరికేది. టాకీ తీసేవారు కూడా వారినే వెతుక్కున్నారు. ముఖం ఎలా ఉన్నా సర్దుకునేవారు గాని, గొంతు లేకపోతే పని జరిగేది కాదు.

చెట్టు చాటున హార్మోనియం

ఇందుకు యంత్రం కూడా ఒక కారణం. అప్పట్లో బొమ్మనూ ధ్వనినీ ఒకేసారి పట్టేవారు. పాటను విడిగా రికార్డు చేసి తర్వాత అతికించే సదుపాయం లేదు. నటి కెమెరా ముందు నిలబడి పాడుతుంటే, బొమ్మలో పడకుండా చెట్టు చాటునో గోడ చాటునో హార్మోనియం, తబలా వాయించేవారు కూర్చునేవారు. మైకు దగ్గరే ఉండాలి, అదీ కంటికి కనపడకూడదు. అందుచేత పాడేవారు అటూ ఇటూ కదలడానికి వీలుండేది కాదు. పాట మధ్యలో ఒక్క మాట తప్పినా మళ్లీ తీయవలసిందే, ఆ మేరకు ఫిలిం వృథా. పాత బొమ్మల్లో పాడేవారు కొయ్యబారినట్టు నిలబడతారని నేటివారు నవ్వుతుంటారు. వారు నిలబడింది చేతకాక కాదు, మైకును వదిలి కదలలేక.

మూడు మెట్లు

ఈ పద్ధతి ఒక్కరోజులో మారిపోలేదు. మొదటి మెట్టు, నటిస్తూనే పాడడం. రెండో మెట్టులో నటుడే తన పాటను ముందుగా స్టూడియోలో పాడి, షూటింగులో ఆ రికార్డు వేస్తుంటే పెదాలు కలిపేవాడు. గొంతు తనదే గాని, పాడే వేళ వేరు, నటించే వేళ వేరు. మూడో మెట్టులో గొంతే మారిపోయింది. ముందుగా పాడి పెట్టుకునేటప్పుడు ఆ పాడేది ఇంకొకరైతే తప్పేమిటన్న ఆలోచన వచ్చింది. కలకత్తాలో న్యూ థియేటర్స్ వారు 1935లోనే 'ధూప్ ఛావ్' అనే హిందీ చిత్రంలో నేపథ్య గానం వాడారు.

తెలుగులో తొలి నేపథ్య గాయనిగా రావు బాలసరస్వతీదేవిని చెప్పుకుంటారు. 1943లో 'భాగ్యలక్ష్మి' చిత్రంలో కమలా కోట్నీస్‌కు ఆమె పాడారు. ఆ చిత్ర నిర్మాత చిత్తూరు నాగయ్య. తన పాట తానే పాడుకునే నాగయ్య, తన సొంత చిత్రంలో ఒకరి బొమ్మకు మరొకరి గొంతు కలపడం విశేషం. బాలసరస్వతీదేవి తర్వాత కొలంక జమీందారు ఇంటి కోడలై మన ప్రాంతానికి వచ్చారు. మగవారిలో ఎం.ఎస్. రామారావు 1944లో 'తాసిల్దార్' చిత్రంలో పాడారు. ఊరూరా మైకుల్లో మోగిన 'సుందరకాండ' పాడిన సుందరదాసు ఆయనే.

అక్కినేని నాగేశ్వరరావు కూడా 1944 నాటి 'శ్రీ సీతారామ జననం'లోను, 1945 నాటి 'మాయాలోకం'లోను సొంతంగానే పాడుకున్నారు. 1948లో 'బాలరాజు' వచ్చేసరికి ఆయనకు ఘంటసాల గొంతు తోడైంది. అదే చిత్రంలో కథానాయిక ఎస్. వరలక్ష్మి మాత్రం తన పాటలు తానే పాడారు.

రెండు లవకుశలు

ఈ మార్పు ఎంతటిదో తెలియాలంటే రెండు 'లవకుశ' చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది 1934 నాటిది. కాకినాడవాసి సి. పుల్లయ్య తీశారు. పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వెళ్లి చూశారు. రాముడుగా పారుపల్లి సుబ్బారావు, సీతగా శ్రీరంజని ఎవరి పాట వారే పాడారు. రెండోది 1963లో వచ్చింది. ఆ పుల్లయ్యే మొదలుపెట్టగా కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. ఇందులో రాముడు ఎన్.టి. రామారావు, ఆయన పద్యాలు ఘంటసాలవి. లవకుశులు బాలనటులు, వారి పాటలు లీల, సుశీల పాడారు. కథ ఒకటే, కుటుంబం ఒకటే. 29 ఏళ్లలో పాట ఒకరిది, బొమ్మ మరొకరిది అయింది.

దీనివల్ల లాభం లేకపోలేదు. 1963 లవకుశలో సీతగా నటించిన అంజలీదేవి పెద్దాపురం ఆడపడుచు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాణించి సినిమాకు వెళ్లారు. 'సువర్ణసుందరి'లో జిక్కీ, సుశీల గొంతులు ఆమెకు అందాయి. పాడితేనే వేషం అన్న పాత షరతు అలాగే ఉంటే మనకు ఆ సీతమ్మ దక్కేది కాదు. అదే జిల్లాలో జగ్గంపేటలో పుట్టిన ఎస్. వరలక్ష్మి మరో దారి పట్టారు. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు'లో కూడా తన పాత్రకు తానే పాడుకున్నారు. భానుమతి సంగతి సరేసరి.

నష్టమూ ఉంది. గొంతునే నమ్ముకున్న నాటక నటులకు తెర మీద చోటు తగ్గిపోయింది. తెర వెనుక పాడినవారి పేరు మొదట్లో చాలామందికి తెలియలేదు. 1949 నాటి హిందీ చిత్రం 'మహల్'లో లతా మంగేష్కర్ పాడిన పాటకు, గ్రామఫోను రికార్డు మీద పాత్ర పేరు 'కామిని' అని వేశారు. పాట ఊరూరా మోగింది గాని, పాడిందెవరో రికార్డు చూసి తెలుసుకునే వీలు లేకపోయింది.

తీర్థాల్లో మాటేమిటి?

ఈ ముచ్చట సినిమాతో తీరిపోయేది కాదు. మన తీర్థాల్లో, జాతరల్లో కూడా ఇదే జరిగింది. రాత్రంతా పద్యనాటకం ఆడిన పందిట్లోకి రికార్డింగ్ డాన్సులు వచ్చాయి. పెట్టెలో పాట, వేదిక మీద పెదాల కదలిక. అయినా హార్మోనియం ముందు నిలబడి సొంత గొంతుతో పద్యం పాడే నటులు ఇంకా ఉన్నారు. సినిమాలో ఆ పద్ధతి పోవడానికి యంత్రం కారణమైంది. ఊరి పందిట్లో ఉంచాలో పోగొట్టుకోవాలో తేల్చేది మాత్రం యంత్రం కాదు, తీర్థం కమిటీలే. చందాలు పోగుచేసేటప్పుడే ఒక్క రాత్రి పద్యనాటకానికి కేటాయిస్తే చాలు. తొలి టాకీల్లో పాట ఎలా ఉండేదో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు, వారే కూర్చుని వింటారు.