వేడిగది, మంచుమడుగు

ఫిన్లండు దేశపు జనసంఖ్య సుమారు 55 లక్షలు. అందలి సౌనాలు 30 లక్షలని అంచనా. కొయ్యపలకలతో కట్టిన ఈ వేడిగదిలోనే పూర్వము వారి స్త్రీలు ప్రసవించెడివారు. మృతులకు కడపటి స్నానము కూడ ఇచటనే జరిగెడిది. 2020లో యునెస్కో సంస్థ ఈ ఆచారమును మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

ఆ గదిలో గాలి 80 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కును. అంత వేడినీరు పడినచో చేయి బొబ్బలెక్కును గదా, మనుష్యుడు అందెట్లు కూర్చుండునని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. గాలి పొడిగా నుండుటయే కిటుకు. పుట్టిన చెమట వెంటనే ఆరిపోవుచు చర్మమును చల్లబరచును. ఆ చర్మమునకు రక్తము పంపుటకై గుండె నిమిషమునకు 100 మొదలు 150 మారులు కొట్టుకొనును. అనగా, కదలక కూర్చున్నవాని గుండె వడిగా నడచువాని గుండెవలె శ్రమించును.

ఈ శ్రమ మేలు చేయునా? కుయోపియో ప్రాంతమున 42 మొదలు 60 ఏండ్ల వయస్సుగల 2,315 మంది పురుషులను సుమారు ఇరువదియేండ్లు గమనించి, 2015లో ఫలితములు ప్రకటించిరి. వారమునకొకసారి సౌనాకు పోవువారికంటె నాలుగు మొదలు ఏడుసార్లు పోవువారిలో ఆకస్మిక హృదయమరణములు 63 శాతము తక్కువ. అంకె గొప్పదే. కాని నిత్యము సౌనాకు పోగలవాడు మొదటినుండియు ఆరోగ్యమును, తీరికయు కలవాడై యుండవచ్చును. ఇట్టి పరిశీలన సంబంధమును చూపునే కాని కారణమును రుజువు చేయజాలదు.

చన్నీటి మునక సంగతి వేరు. నెదర్లాండ్సులో మూడువేలకు పైగా జనులతో జరిగిన ప్రయోగఫలితము 2016లో వెలువడినది. స్నానాంతమున కొద్దిసేపు చన్నీటిధార క్రింద నిలిచినవారు జబ్బుపేర పెట్టిన సెలవులు 29 శాతము తగ్గినవి. జబ్బుపడిన దినములు మాత్రము తగ్గలేదు. జలుబుతోనే కచేరీకి పోయిరి కాబోలు!

ఇక అపాయము. మంచునీటిలో మనుష్యుడు కొయ్యబారి చచ్చునని లోకము తలచును. శరీరము లోపలివరకు చల్లబడుటకు ఇంచుమించు అరగంట పట్టును. ప్రాణభయము మొదటి నిమిషముననే యున్నది. చలి తగిలినంతనే మన ప్రమేయము లేకుండ ఎగఊపిరి వచ్చును. ఆ క్షణమున నోరు నీటిలో నున్నచో నీరే లోనికి పోవును. రక్తపోటు ఎగయును. చర్మమునకు తగిలిన చలి గుండెను త్వరపడుమనును. ముఖము మునిగినచో మరియొక నాడి దానినే నెమ్మదింపుమనును. ఈ రెండాజ్ఞల నడుమ గుండె లయ తప్పవచ్చును. ఈతలో ఆరితేరినవారు సైతము ఇట్లు మరణించుట కలదు.

ఈ ఎగఊపిరి అలవాటుచే తగ్గును. ఆరేడు చిన్న మునకలతో సగమగును. గుండెజబ్బు, అధిక రక్తపోటు కలవారు వైద్యుని అడుగక దిగరాదు. మద్యము సేవించి ఇటు సౌనాకుగాని, అటు నీటికిగాని పోరాదు. ఒంటరిగా దిగరాదు, దుమికిపడుట అసలే కూడదు. దిగినవారు నిచ్చెన పట్టుకొని, ముఖము నీటికి పైననుంచి, ఊపిరి కుదుటపడువరకు అచటనే నిలువవలెను. అందుకు ఒకటి రెండు నిమిషములు చాలును.