ఉప్పునకు ముండ్లకోట

తోట వేసిన కాపు మొదట తలచునది కంచె. మన పల్లెలలో గచ్చపొద, వాక, జెముడు, కిత్తనార తరతరములుగ గట్లను గాచుచున్నవి. పశువును అదలించి, దొంగను మరలించి, తమపాటికి తాము పెరుగుచుండునవి గావున వీని కావలికి జీతబత్తెములు లేవు. ఇట్టి సాధనమును ఒక ప్రభుత్వము తన ప్రజలపైననే ప్రయోగించినదనిన పాఠకులలో ననేకులకు వింతగా దోచును.

ఆ ప్రయోగము ఉప్పుకొఱకు జరిగినది. బంగాళమునందును పశ్చిమోత్తరపరగణాలయందును ఆంగ్లప్రభుత్వము ఉప్పుపై విధించిన పన్ను మిక్కిలి హెచ్చు. రాజపుతానా సంస్థానముల యుప్పు చవుక. ఆ చవుక యుప్పు పన్ను చెల్లింపక లోనికి రాకుండుటకై సింధునది మొదలు మహానది దాపువఱకు సుంకపురేఖ యొకటి యేర్పడెను. 1869 నాటికి దాని పొడవు సుమారు 2,300 మైళ్లు. కావలివారు దాదాపు 12,000 మంది. ఈ రేఖలో పెద్దభాగమున పెంచినదే ముండ్లకంచె.

మొదట ఎండుకంప పేర్చిరి. మైలు కంచెకు 250 టన్నుల కంప వలసెను. దానిని చెదలు తినివైచెను, గాలివాన యెగురగొట్టెను, నిప్పు బూడిద చేసెను. 1867 మొదలు 1870 వఱకు సుంకముల కమిషనరుగ నుండిన అలన్ ఆక్టేవియన్ హ్యూముగారు పచ్చికంచెయే మేలని నిశ్చయించి, నేలనుబట్టి తుమ్మ, రేగు, వాక, నాగజెముడు మున్నగువానిని నాటించి, నడుమ గచ్చతీగ నల్లించిరి. చవిటినేలకు మంచిమన్ను తెప్పించిరి. నీటికై బావులు త్రవ్వించిరి. చక్కగా పెరిగినచోట ఎత్తు 10 మొదలు 14 అడుగులు, మందము 6 మొదలు 12 అడుగులు. తోటపనిగా మాత్రము చూచినచో మెచ్చదగినదే. 1885లో కాంగ్రెసును నెలకొల్పినవారిలో ముఖ్యులు ఈ హ్యూముగారే యగుట చరిత్రలోని చమత్కారము.

ఇంత కంచె యున్నను ఉప్పు ఆగినదా? పశువులమందలను తోలి కంప విఱిచిన ముఠాలు గలవు. మూటలను ఆవలికి విసరినవారు గలరు. 1877-78లో ఉప్పు దొంగరవాణాకై శిక్షపడినవారే 6,000కు పైబడిరి. ముండ్లకు వెఱచుటకంటె చప్పిడికూటికి వెఱచుటయే హెచ్చు.

1879లో సుంకపురేఖ ఎత్తివేయబడెను. ఇది దయచే జరిగినది గాదు. సాంభరు ఉప్పుసరస్సు జయపుర, జోధపుర సంస్థానములనుండి కౌలుగ ప్రభుత్వము చేతికి వచ్చినందున, ఉప్పు పుట్టునెడనే పన్ను రాబట్టుట సాధ్యమైనది. మఱి రాష్ట్రమునకును రాష్ట్రమునకును పన్నులో నున్న యంతరము తగ్గవలెను గదా! అందులకై బంగాళమున కొంత తగ్గించి, మదరాసు, బొంబాయి రాజధానులలో సుమారు 82 పౌనుల బంగాళా మణుగునకు 1 రూపాయి 13 అణాలుగ నున్న పన్నును 2 రూపాయల 8 అణాలకు పెంచిరి. బళ్లారి, కర్నూలు, కడప మండలములు 1876-78 కఱవున మాడి, జనమును పశువులును నశించిన వేళ నీ పెంపు జరిగినది. ఆ కంచెను కన్నులార చూడని రాయలసీమ రైతు దాని తొలగింపునకు తన గంజిలోని యుప్పుతో మూల్యమిచ్చెను. 1882లో గాని పన్ను 2 రూపాయలకు దిగలేదు.

కంచె పోయిన పిమ్మట రేఖ చాలచోట్ల బాటయైనది, కొన్నియెడల చేలలో గలిసినది. రాయ్ మాక్స్‌హాము అను ఆంగ్లేయుడు పాతపటములు పట్టుకొని వెదకి, 1998లో ఇటావా జిల్లాయందు కొంత మిగిలియుండుట గాంచి, 2001లో గ్రంథము ప్రకటించెను. ఆతనికి కనబడినది ఒక మట్టికట్ట; దానిపై తుమ్మ, రేగు.