తల వంచి ఈదే చేప... తొట్టి దాటి పోకూడదు!

అద్దాల తొట్టిలో ఓ చేప తల కిందికీ తోక పైకీ పెట్టి ఏటవాలుగా నిలబడి ఉంటే, చూసినవాళ్లు "అయ్యో, దీని పని అయిపోయింది" అనుకుంటారు. హెడ్‌స్టాండర్ చేపకు అదే మామూలు నడక. దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులు, గయానా ప్రాంతపు వాగులు దీని పుట్టిల్లు. నిలువు కాడల మధ్య, రాతి నెర్రెల్లో అలా నిలబడితే శత్రువు కంట పడదు. రాళ్లకు పట్టిన పాచి గీక్కుని తినడానికీ వీలు.

మన జలంత్రకోట జంక్షన్ మీదుగా పోయే జాతీయ రహదారికి ఓ కొసన కోల్‌కతా, మరో కొసన చెన్నై ఉన్నాయి. రంగు చేపల వ్యాపారానికి దేశంలో ఈ రెండూ పెద్ద కేంద్రాలే. కోల్‌కతా గాలిఫ్ వీధిలో ఆదివారం సంత, చెన్నైలో కొళత్తూరు దుకాణాలు పేరుపడ్డవి. వాకబు చేస్తే హెడ్‌స్టాండర్లూ దొరకవచ్చు. తెచ్చుకోవడం పెద్ద పని కాదు గానీ, బతికించుకోవడానికే కాస్త తెలివిడి కావాలి.

వీటిలో మూడు రకాలు ముఖ్యం. ఒంటి పొడవునా నల్ల చారలు, మధ్యలో బంగారు గీతలు, తోక మొదట్లో ఎరుపు ఉండేది అనోస్టోమస్. జానెడుకు కాస్త తక్కువగా, 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చూడ్డానికి అందగత్తే గానీ గయ్యాళి. రెండు మూడు కలిపి వేస్తే బలమైనది మిగతావాటి రెక్కలు కొరికి చంపుతుంది. ఒక్కటే పెంచండి, లేదా ఏడెనిమిది ఒకేసారి వేయండి. గుంపు పెద్దదైతే కోపం అందరి మీదా పంచుకుపోతుంది. అబ్రమైటిస్ అనే మచ్చల రకం మొక్కల్ని మేసేస్తుంది. మొదటిసారి పెంచేవారికి కైలోడస్ అనే చుక్కల రకమే మేలని మా అభిప్రాయం. ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు మించదు, సాధువు, ఆరు చేపల గుంపు హాయిగా ఉంటుంది.

మరి తల వంచింది సహజంగానా, జబ్బుతోనా? ఆరోగ్యంగా ఉన్న చేప రెక్కలు విప్పి ఉంచుతుంది, మేత వేయగానే చురుగ్గా కదులుతుంది. రెక్కలు ఒంటికి అంటించుకుని, మొప్పలు గబగబా ఆడిస్తూ, మేతకు రాకుండా మూల చేరితే మాత్రం జబ్బే. కొనేముందు దుకాణంలో మీ ఎదుటే మేత వేయించి చూడండి.

తొట్టి, నీరు

కైలోడస్ గుంపుకు మూడడుగుల తొట్టి చాలు. అనోస్టోమస్ గుంపుకైతే నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. దానిలో పట్టే నీరే పావు టన్ను బరువు! పాత బల్ల మీద పెట్టారో, ఇల్లంతా చెరువే. ఈ చేపలు ఎగిరి దూకుతాయి, మూత తప్పనిసరి.

కొత్త తొట్టిలో అదే రోజు చేపలు వదలకండి. చేప విసర్జించే అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తరువాత కూడా వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది గనుక వెడల్పాటి తొట్టెలో ఓ రోజు నిలవుంచి వాడాలి. పురుగుమందు కలిపిన డ్రమ్ము ఎన్నిసార్లు కడిగినా ఈ పనికి వద్దు.

ఈ చేపలకు మెత్తటి నీరు కావాలి. ఉదజని సూచిక 6 నుంచి 7, వేడి 24 నుంచి 28 డిగ్రీలు ఉంటే సరి. బోరు నీరు వీధి వీధికీ మారుతుంది గనుక పరీక్ష చేయించి, కఠినత ఎక్కువైతే వాన నీరు కలపండి. మొదటి వాన వదిలేసి ఆ తరువాతిది పట్టుకోవాలి. ఎండిన నాటు బాదం ఆకు ఒకటి రెండు వేస్తే నీరు కొద్దిగా తేనె రంగుకు తిరుగుతుంది. చేపకు అది ఇష్టమే. మన తీరం వాళ్లకు గవ్వలు, ఆల్చిప్పలు వేయాలని సరదా. వాటిలోని సున్నం కరిగి నీటిని కఠినం చేస్తుంది. ఇసుకలో నిమ్మరసం పిండితే నురగ వచ్చిందంటే అదీ పనికిరాదు.

ఉద్దానంలో నీటి మాట ఎత్తగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. ఒక్క మాట... తొట్టిలో చేప బతికింది కదా, ఆ బోరు నీరు తాగడానికి మంచిదేనని ఎవరూ అనుకోకండి. చేప బతకడం వేరు, తాగునీటి పరీక్ష వేరు.

మేత సులువే. తోటకూర, పాలకూర వేడినీటిలో ముంచి తీసి, రాయికి కట్టి అడుగున వేయండి. కీరదోస ముక్క, తొక్క తీసిన బఠానీ తింటాయి. మందు కొట్టిన ఆకుకూర వద్దు, పెరటిది మేలు. పూట పూటకీ కాస్త పొడి మేత. అనోస్టోమస్ నోరు పైకి తిరిగి ఉంటుంది గనుక అడుగున పడింది తినడానికి దాదాపు వెల్లకిలా పడుతుంది. చూసి కంగారు పడకండి.

కరెంటు సంగతి మరవొద్దు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి చీకటే. అలాంటప్పుడు బ్యాటరీ గాలి పంపు అక్కరకొస్తుంది. అది లేకపోతే చెంబుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ ఉండాలి. మేత ఆపేయండి. నాలుగు రోజులు పస్తున్నా చేప తట్టుకుంటుంది గానీ చెడిన నీటికి తట్టుకోదు.

చెరువులో వదలొద్దు

విసుగొచ్చిందనో, ఊరెళుతున్నామనో పుణ్యానికి చేపల్ని గెడ్డలోనో చెరువులోనో వదిలేవారున్నారు. అది పుణ్యం కాదు. తొట్టి శుభ్రం చేస్తుందని తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇలాగే బయటపడింది. తూర్పు కనుమల జలవనరుల్లో దాదాపు 60 శాతంలో దాని జాడ ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ పరీక్షించి తేల్చారు. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు. వలలు చిరుగుతాయి, కొనేవారుండరు. సోంపేట బీలలో, మన చెరువుల్లో కొర్రమీను, మార్పు పట్టుకుని బతికే కుటుంబాలకు ఆ నష్టం ఎవరు తీరుస్తారు? హెడ్‌స్టాండర్ అంత మొండిది కాకపోవచ్చు. అయినా దాని ఒంటి మీది పరాన్నజీవులు నాటు చేపలకు అంటుకోవచ్చు.

ఆదాయానికి పనికొస్తాయా అని అడుగుతారు. రావు. అనోస్టోమస్ ఇంటి తొట్టెల్లో పిల్లలు పెట్టడం అరుదు. కైలోడస్ గుడ్లు పెట్టినా, పిల్లల్ని సాకడం చేయి తిరిగినవారి పని. రాబడి కోసమైతే గప్పీ, మోలీలతో మొదలుపెట్టండి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్లకూ రాయితీ పెట్టారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కుని దిగండి.

పెంచలేని చేపను కొన్న దుకాణానికే ఇవ్వండి, లేదా తొట్టి ఉన్న మరో ఇంటికి. మార్చిన నీటిని కూడా గెడ్డలో పారబోయకుండా కొబ్బరి పాదుల్లో పోయండి. చేప ఎరువు కలిసిన నీరది, చెట్టుకు బలం.