పరభాషలో పాపసంకీర్తనం

కోల్‌కతాలోని వాట్‌గంజ్ పేట కిదిర్‌పూర్ రేవును ఆనుకొని ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దిలో అక్కడ ఓడల నిర్మాణానికి పూనుకున్న కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఆ పేటకు నిలిచినది. దేశదేశాల నావికులు వచ్చిపోయే ఇటువంటి చోట కథోలిక విశ్వాసికి ఒక చిక్కు ఎదురు కావచ్చును. మనసు భారమై ఉన్నది, దేవాలయం ఉన్నది, గురువు ఉన్నారు. కాని ఆయనకు తన భాష రాదు. పాపాలను గురువుకు చెప్పుకొని క్షమ పొందే సంస్కారం, తెలుగు కథోలికులు పాపసంకీర్తనమని పిలిచేది, జరిగేదెట్లా?

కథోలికుల శ్రీసభ దీనికి మార్గం చూపినది. 1983 నాటి శ్రీసభ ధర్మస్మృతిలోని 990వ సూత్రం ప్రకారం దుబాసీ ద్వారా పాపాలు చెప్పుకొనవచ్చును. విన్నది దాచవలసిన బాధ్యత దుబాసీకీ ఉన్నది, మీరితే శిక్షార్హుడు. గురువే నేరుగా బయటపెడితే ఆ క్షణమే వెలి. ఆ వెలిని తొలగించే అధికారం రోముకే ఉన్నది. ఏటా పాపసంకీర్తనం చేయవలెనని శాసించిన 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభయే, రహస్యం వెల్లడించిన గురువును పదవి నుండి తొలగించి, జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించవలెనని కూడా విధించినది.

దేశచట్టం సంగతి వేరు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం, కక్షిదారు రహస్యం విషయమై న్యాయవాదికి, ఆయన దుబాసీకి రక్షణ ఇచ్చినది, గురువును పేర్కొనలేదు. న్యాయస్థానం ప్రశ్నించినా మౌనం వహించి, వచ్చిన కష్టాన్ని తానే భరించవలసినవాడు గురువు. ఊరుగాని ఊరిలో, తన భాష రాని మనిషి ఎదుట ఒకడు గుండె విప్పగలుగుతున్నాడంటే, ఆ మౌనంపై గల నమ్మకమే కారణం.