పరాయి గడ్డ మీద పుస్తకాల బీరువా

ఒక దేశం మరో దేశంలో గ్రంథాలయం ఎందుకు తెరుస్తుంది? పుస్తకాల మీద ప్రేమతో అనుకునే అమాయకులు మనలో ఎక్కువమంది ఉండరు. విదేశాంగ శాఖ పద్దులోంచి వచ్చిన డబ్బుతో కొన్న పుస్తకం ఆ రాజ్యం తరఫున మాట్లాడడానికే బీరువా ఎక్కుతుంది. అయితే ఇంతవరకే చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. కరపత్రం తన యజమాని చెప్పమన్నంతే చెబుతుంది. పుస్తకం అలా కాదు. వేల పుస్తకాలు ఒకచోట పేర్చి, తలుపులు తెరిచి, నీకు కావలసింది తీసుకో అన్న తర్వాత పాఠకుడు ఏది తీస్తాడో, అందులోంచి ఏం గ్రహిస్తాడో డబ్బు పెట్టినవాడి చేతిలో ఉండదు. విదేశాల్లో గ్రంథాలయాలు నడిపిన ప్రభుత్వాలన్నీ ఏదో ఒకనాడు ఈ చిక్కులో పడ్డవే.

ఇందులో అమెరికా అనుభవం ప్రత్యేకంగా పరిశీలించదగ్గది. వాళ్ల తగాదా చాలావరకు బహిరంగంగానే సాగింది కనుక మనకు వివరాలు తెలుస్తున్నాయి.

ఈ పని మొదలుపెట్టింది అమెరికా ఒక్కటే కాదు. ఫాసిస్టు ప్రచారాన్ని ఎదుర్కోవాలని 1934లో బ్రిటన్ బ్రిటిష్ కౌన్సిల్‌ని స్థాపించింది. అమెరికా 1942లో, యుద్ధం మధ్యలో, మెక్సికో నగరంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరుతో గ్రంథాలయం తెరిచింది. యుద్ధం ముగిశాక ఓడిన జర్మనీలో, తన ఆక్రమణలో ఉన్న పట్టణాల్లో ‘అమెరికా హౌస్’ల పేరిట పఠనమందిరాలు పెట్టింది. పన్నెండేళ్ల నాజీ పాలనలో ఆ జర్మన్ పాఠకుడికి ప్రపంచ సాహిత్యంతో సంబంధం తెగిపోయింది. 1933 మే 10న విశ్వవిద్యాలయ విద్యార్థులే పుస్తకాలను కుప్పలు పోసి తగలబెట్టిన దేశం అది. పైగా అక్కడి గ్రంథాలయాల్లో చాలావాటిలో పాఠకుడు బల్ల ఇవతల నిలబడి అడగాలి, ఉద్యోగి లోపలి నుంచి తెచ్చి ఇవ్వాలి. అమెరికా హౌస్‌లో పాఠకుడే బీరువా దగ్గరికి వెళ్లి పుస్తకం తీసుకోవచ్చు. బొగ్గు దొరకని ఆ చలికాలాల్లో కేవలం వెచ్చదనం కోసం లోపలికి వచ్చినవాళ్లూ ఉన్నారు. వచ్చినవాళ్లు ఊరికే కూర్చోరు కదా! ఎన్ని ఉపన్యాసాలూ చేయలేని పని ఆ తెరిచిన బీరువా చేసింది. బల్ల అవతలి ఉద్యోగి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా పుస్తకం ఎంచుకునే హక్కు తనకుందని ఆ పాఠకుడికి తెలియజెప్పింది. ఇది ప్రచారమే. కానీ ఆచరణతో చేసిన ప్రచారం.

ఆ ఆచరణను మళ్లీ అమెరికా పాలకులే కాళ్లతో తొక్కారు. 1953 ఫిబ్రవరిలో విదేశాంగ శాఖ తన విదేశీ గ్రంథాలయాలకు ఒక ఉత్తర్వు పంపింది. కమ్యూనిస్టుల, వారి సానుభూతిపరుల, వివాదాస్పద వ్యక్తుల రచనలను వాడరాదన్నది దాని సారాంశం. ‘వివాదాస్పద’ అంటే ఎవరు? ఉత్తర్వు ఇచ్చినవాళ్లకే స్పష్టత లేదు. భయపడిన ఉద్యోగి అనుమానం వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తీసేస్తాడు. అదే జరిగింది. ఏప్రిల్‌లో సెనేటర్ మెకార్థీ అనుచరులు రాయ్ కోన్, డేవిడ్ షైన్ అనే ఇద్దరు యువకులు ఐరోపా నగరాల్లో సుడిగాలి పర్యటన చేసి, గ్రంథాలయాల జాబితాలు తిరగేశారు. ఇద్దరికీ అప్పటికి పాతికేళ్లు మించి ఉంటే ఒకటి రెండేళ్లే. వాళ్లను ఎగతాళి చేసిన జర్మనీలోని అమెరికన్ అధికారి థియొడోర్ కాఘన్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

రచయితలను వాషింగ్టన్‌లో విచారణ సంఘం ముందు నిలబెట్టారు. ‘స్పార్టకస్’ రాసిన హోవార్డ్ ఫాస్ట్ వాళ్లలో ఒకడు. ప్రచురణకర్తలు ఎవరూ ముందుకు రాకపోతే ఆ నవలను 1951లో సొంతంగా అచ్చు వేసుకున్నవాడాయన. నీగ్రో మహాకవి లాంగ్‌స్టన్ హ్యూస్‌నూ పిలిచారు. తన తొలినాటి విప్లవ రచనలు ఆ గ్రంథాలయాల్లో లేకపోవడమే మంచిదన్న ధోరణిలో ఆయన జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఒక కవి చేత అలా పలికించడం పుస్తకాన్ని బీరువాలోంచి తీయడం కంటె హీనమైన పని. డిటెక్టివ్ నవలాకారుడు డాషియెల్ హామెట్ మాత్రం మెత్తబడలేదు. కమ్యూనిజంతో పోరాడే బాధ్యత నీదే అయితే కమ్యూనిస్టుల పుస్తకాలు కొని పంచుతావా అని మెకార్థీ అడిగాడు. ఆ బాధ్యతే నాదైతే జనానికి అసలు ఏ పుస్తకాలూ ఇవ్వను అని హామెట్ జవాబు! నవ్వు తెప్పించే మాటే గాని, గ్రంథాలయం పాలకుడికి ఎందుకు భయం పుట్టిస్తుందో ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం.

కొన్ని పుస్తకాలను నిజంగానే కాల్చారని విదేశాంగ మంత్రి డల్లెస్ ఆ జూన్‌లో ఒప్పుకున్నాడు. సంఖ్య స్వల్పమే. కానీ నాజీలు పుస్తకాలు తగలబెట్టిన ఇరవయ్యేళ్లకే, అది తప్పని చెప్పడానికి గ్రంథాలయాలు తెరిచినవాళ్లు ఆ పని చేశారు. పుస్తకాలు కాల్చేవాళ్లలో చేరవద్దని జూన్ 14న డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులకు ఉపదేశించిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, మూడు రోజులకే పత్రికలవారి ముందు కొంత వెనక్కి తగ్గాడు. నికరంగా నిలబడింది అమెరికన్ గ్రంథాలయ సంఘం. ప్రచురణకర్తలతో కలిసి ఆ నెలాఖరులో చదివే స్వేచ్ఛ మీద ఒక ప్రకటన వెలువరించింది. ప్రభుత్వం వేరు, గ్రంథపాలకులు వేరు అన్న సంగతిని మనం ఇక్కడ గమనించాలి.

పుస్తకాల ఎంపిక ఎంత ఉదారంగా ఉన్నా, గ్రంథాలయం తన ప్రభుత్వ విధానాల నుంచి వేరుపడి నిలబడలేదు. 1964 నవంబర్‌లో కాంగోలోని స్టాన్లీవిల్‌లో బెల్జియం సైనికులను అమెరికా విమానాలు దింపాయి. రెండు రోజులకే కైరోలో ఆగ్రహించిన ఆఫ్రికన్ విద్యార్థులు అమెరికా గ్రంథాలయానికి నిప్పుపెట్టారు. పుస్తకాలు కాలడాన్ని ఎవరూ సమర్థించరు. కానీ ఒక చేత్తో బాంబు, ఒక చేత్తో పుస్తకం పట్టుకున్నవాడి పుస్తకాన్ని జనం ఎలా చూస్తారో అది చెబుతోంది.

ఈ కొలబద్దను అమెరికాకే వర్తింపజేసి ఊరుకుంటే అది విమర్శ అనిపించుకోదు. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, ఆ తర్వాత రాదుగ, తెలుగులో అచ్చువేసిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా చౌకగా మన ఇళ్లకు చేరాయి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. గోర్కీ, చెహోవ్, టాల్‌స్టాయ్‌లు మన మధ్యతరగతి ఇళ్లలో సొంత మనుషులైపోయారు. ఇదీ సాంస్కృతిక దౌత్యమే. మనకు ఇష్టమైన దౌత్యం. ఆ బీరువాలోనూ ఖాళీలు ఉన్నాయి. సొంత దేశంలోనే 1988 దాకా అచ్చుకు నోచుకోని పాస్టర్‌నాక్ నవల ‘డాక్టర్ జివాగో’ అందులో ఎలా ఉంటుంది? 1991 తర్వాత ఆ పుస్తకాల రాకే ఆగిపోయింది.

మన గడ్డ మీదికే వస్తే, ఈ కథలో గోధుమలు కూడా ఉన్నాయి. 1954 నాటి అమెరికన్ చట్టం పి.ఎల్. 480 కింద మన దేశం కొన్న ధాన్యానికి వెల రూపాయల్లో చెల్లించింది. ఆ రూపాయలు ఇక్కడే అమెరికా ఖాతాలో పోగుపడ్డాయి. 1958లో చట్టాన్ని సవరించి, ఆ డబ్బులో కొంత పుస్తకాలు కొనడానికి కేటాయించారు. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం మన భాషల పుస్తకాలు, పత్రికలు కొని అమెరికన్ విశ్వవిద్యాలయాలకు పంపింది. విస్కాన్సిన్‌లో, షికాగోలో తెలుగు పుస్తకాలు బీరువాలెక్కాయి. ఇందులో గూఢచారి దృష్టి లేదని ఎవరూ పూచీ పడలేరు. కానీ మన జిల్లా గ్రంథాలయాల్లో చెదలు తిన్న పుస్తకం అక్కడ పదిలంగా ఉందంటే, సిగ్గుపడవలసింది ఎవరు?

1964లో ఉస్మానియా ప్రాంగణంలో వెలసిన అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం ఇంకో ఉదాహరణ. అమెరికాను గురించి మంచి అభిప్రాయం కలిగించాలన్నదే దాని వెనకున్న ఉద్దేశం. దేశం నలుమూలల నుంచి ఇంగ్లీషు అధ్యాపకులు అక్కడికి వచ్చి పరిశోధనలు చేశారు. వాళ్లలో చాలామంది అక్కడ నల్లజాతి రచయితలను చదివి, అమెరికన్ సమాజం పునాదుల్లోని అన్యాయాన్ని గురించి సిద్ధాంత వ్యాసాలు రాశారు. ఆ కేంద్రం గొప్పదనం అదే.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక, పాఠకుడి మనసు గెలుచుకోవలసిన అవసరం తీరిందనుకున్నారు కాబోలు, బడ్జెట్లు తగ్గాయి. ఈ గ్రంథాలయాలు నడిపిన అమెరికా సమాచార సంస్థ 1999లో రద్దయింది. 1998లో నైరోబీ, దార్ ఎస్ సలాంలలో రాయబార కార్యాలయాల మీద బాంబు దాడులు, 2001 నాటి ఘటనలు జరిగాక, మిగిలిన పఠనమందిరాల్లో అనేకం ఎత్తైన గోడల వెనక్కి, తనిఖీ ద్వారాల అవతలికి వెళ్లిపోయాయి. చలికి తట్టుకోలేక వీధిలోంచి లోపలికి వచ్చే మనిషికి అక్కడ ప్రవేశం లేదు.