ఒకే ఆట, మూడు మిషన్లు

మన పత్రికలో బోనసు గురించీ, పీఎఫ్ గురించీ, పాత స్ట్రైకుల గురించీ రాసే పెద్దలు చాలామంది ఉన్నారు. నేను అయిదో క్లాసుతో చదువు ఆపినవాణ్ణి. ఈసారి వీడియో గేము గురించి రాస్తానంటే మా ఇంటిది నవ్వింది. "నీకు టీవీ రిమోటే సరిగ్గా నొక్కను రాదు, నువ్వు గేము గురించి రాస్తావా?" అంది. నిజమే. అయినా ఈ గేము సంగతి ఇరవై ఏళ్ళకు పైగా నా గొంతులో ముల్లులాగా ఉంది. రాసేస్తే దిగుతుందేమో.

ముందు మా మిల్లు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పెరంబూరు బి అండ్ సి మిల్లు అంత పెద్దది కాదు మాది. ఆ మిల్లు ఖాకీ అంటే ఊరంతా తెలుసు, రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సిపాయిలకు గుడ్డ అక్కడినుంచే పోయింది. అది 1996లో మూతపడింది. మాది చిన్న మిల్లు, ఇంకో మూడేళ్ళు లాక్కొచ్చింది. మేమూ కొన్నాళ్ళు ఖాకీ డ్రిల్లు నేశాం. నేను నేత ఖాతాలో పదహారేళ్ళు మగ్గాలు చూసుకున్నాను. మోకాలు పట్టేశాక ఫోల్డింగ్ ఖాతాకు మార్చారు. అక్కడ నా పని గుడ్డ చెకింగు. గుడ్డ టేబిలు మీద జారుతూ పోతుంటే తెగిన పోగు, నూనె మరక, ముడి, పేక సరిగ్గా పడని చోటు కనిపెట్టి సుద్దతో గుర్తు పెట్టాలి. తప్పులు మరీ ఎక్కువైతే ఆ పీసు సెకండ్సుకు పోతుంది. ఆరేళ్ళు అదే పని. వంక పెట్టడానికే నాకు జీతం ఇచ్చారన్న మాట.

మిల్లు మూసేశాక సెటిల్మెంటు డబ్బు ముక్కలు ముక్కలుగా వచ్చింది. 2001లో ఒక ముక్క చేతికొచ్చిన రోజున మా వాడు అడిగాడు. వాడికి అప్పుడు పదమూడేళ్ళు. ఎప్పుడూ ఏదీ అడిగే పిల్లాడు కాదు. వాడి క్లాసులో ఒక అబ్బాయి మామ సింగపూరు నుంచి నింటెండో 64 అనే మిషన్ తెచ్చాడట. అందులో బొమ్మ సోల్జర్ల ఆట ఉందట. నలుగురు పిల్లలు ఒకేసారి ఆడుకోవచ్చట. వారం రోజులు అన్నం తింటున్నా అదే మాట.

బొమ్మ సోల్జర్లంటే నాకూ ఒక కథ ఉంది. నా చిన్నప్పుడు మా నాయన మూర్ మార్కెట్టులో పచ్చ ప్లాస్టిక్ సోల్జర్లు రెండు కొనిచ్చాడు. ఒకడికి తుపాకీ సగం విరిగి ఉండేది, అందుకే చవగ్గా వచ్చింది. ఆ ఇద్దరితోనే వ్యాసర్పాడి మట్టిలో ఎన్ని యుద్ధాలు చేశానో. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది కానీ ఆ విరిగిన తుపాకీవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే మా వాడు "సోల్జర్లు" అనగానే మెత్తబడిపోయాను.

వ్యాసర్పాడి జీవా స్టేషన్లో ట్రెయినెక్కి బీచ్ స్టేషన్లో దిగి, బర్మా బజారుకు పోయాం. నింటెండో ఎక్కడా దొరకలేదు. ఒకాయన సోనీ ప్లేస్టేషన్ చూపించాడు, సెకండ్ హ్యాండు, అయిదు వేలకు కొంచెం తక్కువ. "ఆ సోల్జర్ల గేము దీంట్లోనూ వస్తుంది సార్" అన్నాడు. పేరు కూడా అదే, ఆర్మీ మెన్ సార్జస్ హీరోస్. అదే పేరు, అదే బొమ్మ. ఇంకేం కావాలి? కొనేశాను. మా ఇంటిది రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆట చూస్తే నాకు భలే నచ్చింది. ప్లాస్టిక్ సోల్జర్లకే ఒక లోకం ఉంది. పచ్చవాళ్ళు మంచివాళ్ళు, మట్టిరంగువాళ్ళు చెడ్డవాళ్ళు. ఆ మట్టిరంగు అచ్చంగా మేం నేసిన ఖాకీ. మేం నేసిన రంగు వేసుకున్నవాళ్ళే విలన్లా అని నాకు కొంచెం కష్టంగానే ఉండింది. వాళ్ళ జనరల్ పేరు ప్లాస్ట్రో. మన హీరో సార్జ్, అంటే సార్జంటు, నోట్లో చుట్ట పెట్టుకుని ఉంటాడు. పట్టుబడ్డ తన మనుషుల్ని విడిపించాలి. బొమ్మల లోకం నుంచి మనుషుల లోకానికి దారులున్నాయి. ఆ దారిలో దూరితే వంటిల్లు, స్నానాల తొట్టి, హాలు, ఇసక. మన వంటింటి గట్టు వాడికి కొండ. నిప్పు కొడితే సోల్జరు ప్లాస్టిక్కులాగే కరిగి ముద్దవుతాడు. ఇలాంటి ఊహ పెద్దవాడికి ఎలా వచ్చిందా అనుకున్నాను.

మూడో రోజు మా వాడు అన్నాడు, "నాన్నా, ఇది ఆ గేము కాదు."

"పేరు అదే కదరా?"

"పేరు అదే. కానీ అది కాదు. బొమ్మలు గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. నడుస్తుంటే గోడలు ఊగుతున్నాయి. ప్రతిసారీ ఎంతసేపో ఆగాలి. వాళ్ళింట్లో నలుగురం ఆడాం, ఇక్కడ ఇద్దరమే."

నేను నకలు సీడీ అంటగట్టాడేమో అని మళ్ళీ బజారుకు పోయి ఆయనతో గొడవ పడ్డాను. ఆయన పాపం తన కొట్లో టీవీలోనే ఇంకో సీడీ వేసి చూపించాడు. అదీ అలాగే ఉంది. తప్పు ఆయనది కాదు. ఇంటికొచ్చి చెప్తే మా వాడు, "నేను చెప్పాను కదా, ఇందులో గేమే అంత" అన్నాడు. అప్పుడు వాడి చెంప మీద కొట్టాను. "మిల్లు పోగా వచ్చిన డబ్బురా ఇది. దీనికి వంకలు పెడతావా?" అన్నాను. వాడు ఏడవలేదు. ఆ తరువాత ఆ గేము బాగాలేదని ఒక్క మాట అనలేదు. కొన్నాళ్ళు నేను చూస్తున్నప్పుడల్లా ఆడినట్టు ఆడాడు. తరువాత డబ్బా అటకెక్కింది.

మొన్న వేసవి సెలవుల్లో మనవడు అటక దులుపుతూ దాన్ని దించాడు. వాడు తొమ్మిదో క్లాసు. సీడీ మీద పేరు చూసి ఫోన్లో వెతికి, ఆ రోజుల్లో అమెరికాలో, ఇంగ్లండులో గేముల పత్రికలవాళ్ళు దీని గురించి రాసిన మాటలు చదివి, నాకు తెలుగులో చెప్పుకుంటూ వచ్చాడు. సినిమా రివ్యూల్లాగే వీటికీ రివ్యూలుంటాయి, మార్కులు వేస్తారు. నాకు ఆ సంగతే తెలీదు.

ఈ ఆట ముందు వచ్చింది నింటెండో 64 మీద, 1999లో. దానికి ఓ మోస్తరు మార్కులొచ్చాయి. ఊహ బాగుందన్నారు, నవ్వొచ్చేలా ఉందన్నారు, నలుగురు కూచుని ఆడితే సరదాగా ఉందన్నారు. కెమెరా సరిగ్గా తిరగదు, గురి కుదరదు అని తిట్లూ తిట్టారు. 2000లో ప్లేస్టేషన్ మీద వచ్చింది, దానికి తక్కువ మార్కులు. అదే సంవత్సరం సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ అనే కొత్త మిషన్ మీదా వచ్చింది. మిషన్ అన్నిటికంటే గొప్పది, తిట్లు కూడా బాగానే పడ్డాయి.

మనవడికి ఇది అర్థం కాలేదు. "ఒకే గేము కదా తాతా, మార్కులు ఎందుకు వేరే వేరే?" అన్నాడు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. మగ్గాల మధ్య బతికినవాడికి దీన్ని ఒకరు చెప్పక్కర్లేదు. ఒకే డిజైను, ఒకే నూలు మూడు రకాల మగ్గాల మీద వేయండి, మూడు గుడ్డలు వస్తాయి. ఒక మగ్గానికి సరిపోయేలా కట్టిన పడుగును ఇంకో మగ్గం మీదకు తెచ్చి ఊరికే ఎక్కిస్తే పోగులు తెగుతాయి. కొత్త మగ్గం లాగుడు వేరు, పాతదాని లాగుడు వేరు.

మనవడిని ఇంకొంచెం చదవమన్నాను. నింటెండో గేము మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో చిప్పు మీద వస్తుంది, పెడితే వెంటనే మొదలవుతుంది. నలుగురు ఆడడానికి ముందు వైపే నాలుగు రంధ్రాలున్నాయి. బొమ్మల అంచుల్ని అది నునుపు చేసి చూపిస్తుంది, కొంచెం మసకగా ఉంటుంది కానీ గళ్ళు కనిపించవు. ప్లేస్టేషన్ సీడీ తిప్పి చదవాలి, అందుకే ఆగుడు. ఆ నునుపు చేసే పని దానికి రాదు, బొమ్మలు గళ్ళుగానే కనిపిస్తాయి, గోడలు వంకర్లు పోయి ఊగుతాయి. రంధ్రాలు రెండే. నా పదమూడేళ్ళ కొడుకు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించినవే ఇవి. సుద్దతో గుర్తు పెట్టినట్టు చూపించాడు.

డ్రీమ్‌కాస్ట్ సంగతి మరోలా ఉంది. దానికి నాలుగు రంధ్రాలూ ఉన్నాయి, బలమూ ఉంది. కానీ కొత్త ఆటోమాటిక్ మగ్గం మీద పాత ముతక గుడ్డే నేసి తెస్తే చెకర్ ఊరుకుంటాడా? చేతి మగ్గం మీద వచ్చిన చిన్న ముడిని మేం వదిలేసేవాళ్ళం, కొత్త మగ్గం మీద అదే ముడి వస్తే సుద్ద పడేది. దాన్ని అన్యాయం అంటారు కొందరు. నేననను. పరీక్ష చేసేవాడు మిషన్ను చూసి కూడా మార్కు వేయాలి.

ఇంకో కారణం కంపెనీలోనే ఉంది. ఆ కంపెనీ పేరు త్రీ డీ ఓ, అమెరికాలో కాలిఫోర్నియా. పెట్టినాయన ట్రిప్ హాకిన్స్. ఆయన 1982లోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద గేముల కంపెనీ మొదలుపెట్టిన మనిషి. 1993లో త్రీ డీ ఓ పేరుతో సొంత మిషన్ ఒకటి తెప్పించాడు, ధర 699 డాలర్లు. అంత పెట్టి కొనేవాళ్ళు సరిపడా రాలేదు. ఆ మిషన్ వదిలేసి గేములు మాత్రం చేద్దామనుకున్నారు. 1998లో కంప్యూటర్ కోసం ఆర్మీ మెన్ మొదటి ఆట తెచ్చారు, పోయింది బజారులో. ఇంకేం, అదే అచ్చు మీద వరసగా కొట్టడం మొదలుపెట్టారు. హెలికాప్టరు ఆట ఒకటి, యుద్ధం ఆట ఒకటి, సార్జ్ రెండో భాగం ఒకటి. నాలుగైదేళ్ళలో డజనుకు పైగానే వచ్చాయి. మనవడు లెక్క పెడుతూ మధ్యలో వదిలేశాడు. రివ్యూ రాసేవాళ్ళు కూడా విసిగిపోయారు, మళ్ళీ ఇదేనా అని.

పీసు రేటు రోజుల్లో మాకూ ఇదే జరిగేది. ఎక్కువ మీటర్లు కావాలని మగ్గం వేగం పెంచమనేవాళ్ళు. వేగం పెంచితే మీటర్లు పెరిగేవి, సెకండ్సూ పెరిగేవి. ఆ సెకండ్సు గుట్ట చూసి తిట్లు తినేది మళ్ళీ మగ్గం దగ్గర నిలబడ్డవాడే. ఆ గేము తయారుచేసిన కుర్రాళ్ళు కూడా అలాగే తిట్లు తిని ఉంటారని నా అనుమానం. 2003 మే నెలలో ఆ కంపెనీ దివాలా తీసింది. అక్కడ పని చేసినవాళ్ళకు సెటిల్మెంటు ఎంత వచ్చిందో అని నాకు మొదట వచ్చిన ఆలోచన. మనవడు నవ్వాడు.

ఊహలో మాత్రం తప్పు లేదు. 2010లో వేరే కంపెనీవాళ్ళు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ మీద టాయ్ సోల్జర్స్ అని ఒక ఆట చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం, కానీ అంతా బొమ్మలే, యుద్ధభూమి పిల్లవాడి గదిలో ఉంటుంది. దానికి మంచి మార్కులొచ్చాయి. మనవడు వీడియో చూపించాడు. బాగుంది. కానీ అందులో ప్లాస్టిక్ కరగదు, నాకు అది లోటే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరేళ్ళు ఎవరో నేసిన గుడ్డకు వంకలు పెట్టి జీతం తీసుకున్నవాణ్ణి నేను. నా కొడుకు ఉన్నది ఉన్నట్టు చూసి చెప్తే కొట్టాను. డబ్బు పెట్టింది నేను కాబట్టి సరుకు బాగుందని వాడు అనాలి, అంతే. మిల్లులో ఏ చెకర్ అయినా మేనేజరు ముఖం చూసి మార్కు వేస్తే మేం వాణ్ణి ఏమనేవాళ్ళమో ఇక్కడ రాయలేను, ఆడవాళ్ళు కూడా చదివే పత్రిక.

పొద్దున్నే మా వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు వాడు శ్రీపెరుంబుదూరు వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. ఆ టైముకు నేను ఫోన్ చేసేసరికి ఎవరికైనా ఒంట్లో బాలేదేమోనని భయపడ్డాడు.

"అదేం లేదురా. ఆ సోల్జర్ల గేము గుర్తుందా?"

కాసేపు మాట లేదు. "గుర్తుంది" అన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమేరా. పత్రికలవాళ్ళు కూడా అదే రాశారు. గళ్ళు, ఊగుడు, అన్నీ. నింటెండోదే బాగుందట. ఆ రోజు నేను కొట్టకుండా ఉండాల్సింది."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "వాళ్ళ మాట విన్నాక నమ్మావా నాన్నా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. వెనకాల వాడి ఫ్యాక్టరీ సైరను వినపడింది, షిఫ్టు మారే సైరను.

తరువాత వాడే అడిగాడు, మిషన్ ఇంకా పని చేస్తుందా అని. లైటు వెలుగుతోంది కానీ పాత మూడు రంగుల వైరు మన కొత్త టీవీకి తగలడం లేదని చెప్పాను. రిచ్చీ స్ట్రీట్‌లో దానికి చిన్న డబ్బా దొరుకుతుంది, ఆదివారం వస్తూ తెస్తానన్నాడు. రెండో కంట్రోలు కూడా వెతికి ఉంచమన్నాడు. మనవడూ నేనూ అటకంతా వెతికాం. పాత కుక్కరు వెనకాల దొరికింది, వైరును ఎలక కొంచెం కొరికింది. ఇన్సులేషన్ టేపు చుట్టి పెట్టాను.