డేటాబేసు లైసెన్సు: మనము కొన్నదేమి?

ఒకప్పుడు ఇంట రేడియో ఉంచుకొనవలెనన్న ఏటేటా తపాలా కచేరిలో రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెడిది. పెట్టె మనదే, వినుటకు అనుమతి మాత్రము వేరు. ఆ పద్ధతి పోయి చాలకాలమైనది. కాని సమాచారమును క్రమముగా భద్రపరచి, అడిగినంతనే తీసి యిచ్చు డేటాబేసు సాఫ్టువేరు విషయమున అట్టి న్యాయమే నేటికిని నడచుచున్నది. మన చేతికి వచ్చునది వస్తువు గాదు, వాడుకొను అనుమతి.

ఉచితమన్నంత మాత్రమున హద్దులు లేవనుకొనరాదు. మైక్రోసాఫ్టు సంస్థ తన ఎస్.క్యూ.ఎల్. సర్వరులో 'డెవలపర్' అను కూర్పును 2016 నుండి ఉచితముగా ఇచ్చుచున్నది. అది నేర్చుకొనుటకు, ప్రోగ్రాములు వ్రాసి పరీక్షించుటకు ఉద్దేశింపబడినది. ఒక విద్యార్థి దానిని పెట్టుకొని చక్కగా నేర్చినాడనుకొందము. అందులోనే మేనమామగారి కిరాణా దుకాణపు నిత్యలెక్కలు నడుప నారంభించెనా, అనుమతి దాటినట్లే. యంత్రము అడ్డు చెప్పదు. చిక్కంతయు అక్కడనే యున్నది. ఆ దుకాణమునకు తగినది 'ఎక్స్‌ప్రెస్' కూర్పు. అదియు ఉచితమే, వ్యాపారమునకును పనికివచ్చును. అయితే 2022 నాటి కూర్పులో ఒక్కొక్క డేటాబేసు 10 గిగాబైట్లకు మించరాదు. చిన్న దుకాణమునకు అది కొన్ని ఏండ్లపాటు చాలునని మా యభిప్రాయము.

సొమ్ము చెల్లించి కొనునపుడు మనుష్యులను లెక్కించు పద్ధతి యొకటి కలదు. ఒరకిల్ సంస్థ దీనిని 'నేమ్డ్ యూజర్ ప్లస్' అనును. ముగ్గురు గుమాస్తాలు ఒకే పేరుతో, ఒకే సంకేతపదముతో, వంతులవారీగా పని చేసినను వారు ముగ్గురే, ఒక్కరు కారు. నడుమ మరియొక ప్రోగ్రామును నిలిపి దాని ద్వారా అడిగించినను లెక్క తగ్గదు, ఆ ప్రోగ్రామునకు ఇవతల నున్న మనుష్యులనే లెక్కింతురు. వాడుటకు అధికారము పొందినవాడు ఆనాడు కంప్యూటరు ముట్టకున్నను లెక్కలోనివాడే. ఇంతకు తక్కువ కొనరాదను కనీస సంఖ్యయు కలదు గనుక ఏకాకియైన వాడుకరి ముందుగా దానిని విచారింపవలెను.

'మైఎస్‌క్యూఎల్' తీరు వేరు. ఇంట వాడుకొన్నంతకాలము జి.పి.ఎల్. అను బహిరంగ లైసెన్సు క్రింద ఏ బాధ్యతయు లేదు. దానిని తన ప్రోగ్రాములో కలిపి ఇతరులకు పంచునపుడు మాత్రము మూలప్రతిని కూడ ఈయవలెను, లేదా వేరుగా లైసెన్సు కొనవలెను. 'పోస్ట్‌గ్రెస్' వారు అంతటి నిర్బంధమును పెట్టలేదు. తమ హక్కుల ప్రకటనను చెరపకున్న చాలునందురు. ఇక 'ఎస్‌క్యూలైట్' కర్తలు తమ హక్కులనే వదలుకొని దానిని ప్రజలపరము చేసిరి. మన జేబులోని సెల్‌ఫోనులలో పనిచేయుచున్నది అదియే.